కిటికీలో నక్షత్రాన్ని ఉంచినవాళ్ళు

మూడేళ్ళ కిందట అమ్మ తెనాలి నుంచి వచ్చినప్పుడు ఒక ఆదివారం సాయంత్రం వాషింగ్టన్ డీసీలో కచేరీకి తీసుకెళ్ళాను. చైనాటౌన్‌లో కారు పెట్టి, సిక్స్త్ స్ట్రీట్, ఐ స్ట్రీట్ కలిసే మూల దాకా నడిచాం. పెద్ద గుమ్మటం, కమానుల వాకిలి ఉన్న పాత కట్టడం అది. లోపలికి అడుగు పెడుతూ అమ్మ అలవాటు కొద్దీ వంగి గుమ్మం తాకి కళ్ళకద్దుకుంది. మా వెనకే వస్తున్న ఒక పెద్దాయన ద్వారబంధానికి ఏటవాలుగా బిగించి ఉన్న చిన్న గొట్టంలాంటి పెట్టెను వేలితో తాకి, ఆ వేలిని పెదాలకు ఆనించుకున్నాడు. దాన్ని మెజూజా అంటారు. లోపల యూదుల పవిత్ర గ్రంథం తోరాలోని వాక్యాలు రాసిన తోలు ముక్క ఉంటుంది. ఆయన అమ్మని చూశాడు, అమ్మ ఆయన్ని చూసింది. ఇద్దరూ తలలూపుకున్నారు.

"ఏరా, కచేరీ అన్నావు. ఇది గుడిలా ఉందే?"

"రెండూనమ్మా. యూదుల గుడి. మధ్యలో యాభై ఏళ్ళు చర్చిగా కూడా ఉంది."

అమ్మ గుమ్మటం వంక కాసేపు చూసి, "అయితే చాలామందిని చల్లగా చూసిన ఇల్లన్నమాట" అంది.

ఆ మాట ఈ మధ్య నాకు పదే పదే గుర్తొస్తోంది. మన తెలుగు సంఘం సొంత భవనం కోసం విరాళాలు పోగు చేయడం మొదలుపెట్టి చాలా కాలమైంది. ఇప్పటికి కమిటీ చూసొచ్చిన నాలుగు చోట్లలో రెండు పాత ప్రార్థనా మందిరాలే. వచ్చేవాళ్ళు తగ్గిపోయి, ఉన్నవాళ్ళు వయసు మీదపడి, పైకప్పు బాగు చేయించుకునే స్తోమత కూడా లేక అమ్మకానికి పెట్టినవి. పెద్ద హాలుంది, కింద వంటగది ఉంది, రెండొందల కార్లు పట్టే జాగా ఉంది, ధర కూడా మనకి అందేలానే ఉంది. అయినా సభ్యుల మధ్య రెండు రకాల మాటలు నడుస్తున్నాయి. వేరే వాళ్ళ ప్రార్థనలు జరిగిన చోటు మనకి అచ్చిరాదని కొందరంటున్నారు. కొన్నాక లోపలిదంతా పీకేసి కొత్తగా చేసుకుంటే సరి, వాళ్ళ గుర్తులు మనకెందుకని ఇంకొందరు. ఈ రెండు మాటలూ నాకు బాధ కలిగించాయి. ఎందుకో చెప్పాలంటే ఆ గుమ్మటం కింది కథ, దానికంటే ముందు ఇంకో చిన్న ఇటుకల గుడి కథ చెప్పాలి.

వాషింగ్టన్ యూదులు సినగాగ్, అంటే తమ ప్రార్థనా మందిరం, కోసమే కట్టుకున్న మొదటి భవనం సిక్స్త్, జీ స్ట్రీట్‌ల మూల మీద ఉండేది. యూదుల ప్రార్థనా సంఘానికి కూడా చర్చిలకున్నట్టే స్థలం సొంతం చేసుకునే హక్కు ఉందని ఈ ఊళ్ళో స్పష్టం చేయడానికి 1856లో అమెరికా కాంగ్రెస్ ఏకంగా ఒక చట్టమే చేయాల్సి వచ్చింది. ఆ హక్కు పొందిన సంఘంలో పదమూడేళ్ళకి పేచీ వచ్చింది. ప్రార్థన పద్ధతులు మారుతున్నాయని అలిగి, సంప్రదాయం వదలని కొన్ని కుటుంబాలు 1869లో బయటికొచ్చి ఆడాస్ ఇజ్రాయెల్ అని వేరే సంఘం పెట్టుకున్నాయి. (మన సంఘాల చీలికల్ని చూసి కుంగిపోయేవాళ్ళకి ఈ ముక్క కాస్త ఊరట.) ఆ కుటుంబాలు డబ్బు కూడబెట్టుకుని కట్టుకున్నదే ఆ ఎర్ర ఇటుకల గుడి. తూర్పు గోడలో తోరా చుట్టలు ఉంచే పవిత్ర మందసం కోసం అర్ధచంద్రాకారంలో ఒక గూడు, అది బయటికి పొట్టలా కనిపిస్తుంది. పైన ఆడవాళ్ళు కూర్చునే చెక్క వసారా. ఇప్పటి మన భవన కమిటీ చూస్తే ఇరుకు అంటుంది.

1876 జూన్ 9న ప్రారంభోత్సవానికి అధ్యక్షుడు యులిసిస్ గ్రాంట్ వచ్చాడు. ఈ గ్రాంటే 1862 డిసెంబరులో, అంతర్యుద్ధం మధ్యలో, తన సైనిక విభాగం కింద ఉన్న ప్రాంతం నుంచి యూదులందరినీ వెళ్ళగొట్టమని ఉత్తర్వు ఇచ్చాడు. అధ్యక్షుడు లింకన్ కొద్ది వారాల్లోనే దాన్ని రద్దు చేయించాడు. పద్నాలుగేళ్ళ తర్వాత ఆ మనిషే వాళ్ళ గుడిలో దాదాపు మూడు గంటలు కూర్చుని, పది డాలర్లు చందా కూడా ఇచ్చాడు. ఆయన మనసులో ఏముందో ఎవరు చెప్పగలరు గానీ, ఎదురుగా కూర్చున్నవాళ్ళకి ఆ మూడు గంటలు ఎంత విలువైనవో ఊహించగలం.

అంతటి భవనాన్ని ఆ సంఘం ముప్పై ఏళ్ళకే అమ్మేసింది. జనం పెరిగారు, చోటు చాలలేదు. ఒక ఇటలీ వలస కుటుంబం కొనుక్కుంది. మేడ మీద హాలుని గ్రీకు ఆర్థడాక్స్ క్రైస్తవులు కొన్నాళ్ళు, ఇంకో చర్చివాళ్ళు కొన్నాళ్ళు అద్దెకి తీసుకున్నారు. కింద కిరాణా కొట్టు, సైకిలు షాపు, మంగలి షాపు, చివర్లో మాంసం కాల్చి పొట్లాలు కట్టి అమ్మే హోటలు. చరిత్ర రాసేవాళ్ళు ఈ అరవై ఏళ్ళ గురించి కాస్త సిగ్గుపడుతున్నట్టు చెబుతారు. నాకు మాత్రం ఆ మంగలి మీద, ఆ కిరాణా కొట్టాయన మీద ఎంతో గౌరవం. తాళం వేసి వదిలేసిన కట్టడం ఎన్నాళ్ళు నిలబడుతుందో మన ఊళ్ళలో పాత లోగిళ్ళు చూసినవాళ్ళకి తెలుసు. ముందు పెంకు జారుతుంది, తర్వాత వాన నీళ్ళు దిగుతాయి, తర్వాత గోడలో రావి మొక్క మొలుస్తుంది. అద్దెలు వస్తున్నంత కాలం ఎవరో ఒకరు నిచ్చెన వేసుకుని ఆ కప్పు ఎక్కారు. గ్రాంట్ కూర్చున్న హాలు నిలబడింది అందుకే.

1960ల్లో మెట్రో రైలు సంస్థ తన ప్రధాన కార్యాలయం కోసం ఆ బ్లాకు మొత్తాన్ని తీసుకుంది. కూలగొట్టే రోజు దగ్గరపడుతుంటే స్థానిక యూదుల చరిత్ర సంఘం పట్టుబట్టి, 1969 డిసెంబరులో భవనాన్ని చక్రాల మీదికెక్కించి మూడు వీధుల అవతలికి తరలించింది. కృష్ణా తుంగభద్రల కూడలి దగ్గరి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని శ్రీశైలం ప్రాజెక్టు ముంపు నుంచి కాపాడటానికి రాయి రాయి విప్పి అలంపురంలో మళ్ళీ నిలబెట్టిన సంగతి మనలో పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఇక్కడ విప్పలేదు, గుడి గుడినే లాక్కెళ్ళారు. అక్కడితో దాని ప్రయాణం అయిపోలేదు. హైవే మీద కొత్త కట్టడాలు కడుతుంటే 2016లో ఒకసారి, 2019లో మళ్ళీ ఒకసారి జరిపారు. మూడో వీధి, ఎఫ్ వీధి మూల మీద కొత్త భవనం ఒకటి దానికి ఆనుకుని లేచింది. రెండూ కలిపి క్యాపిటల్ జ్యూయిష్ మ్యూజియం. 2023 జూన్ 9న తెరిచారు. తేదీ గమనించారా? గ్రాంట్ వచ్చి సరిగ్గా 147 ఏళ్ళు. ఆ గుమ్మం ముందే 2025 మే 21న ఇద్దరు ఇజ్రాయెల్ రాయబార కార్యాలయ ఉద్యోగుల్ని కాల్చి చంపారు. ఒక పూజా స్థలాన్ని కాపాడుకోవడం అంటే ఇటుకలకి సున్నం వేయడం మాత్రమే కాదని ఆ రోజు ఈ ఊళ్ళో అందరికీ మరోసారి తెలిసొచ్చింది.

ఇప్పుడు అసలు ప్రశ్న. దేవుణ్ణి కొలిచిన భవనాన్ని అమ్మడం తప్పా? యూదులే ఈ విషయం దాదాపు పద్దెనిమిది వందల ఏళ్ళ కిందట మిష్నా అనే ధర్మ సంకలనంలో చర్చించి రాసిపెట్టుకున్నారు. సినగాగ్ అమ్మొచ్చు. కానీ ఆ డబ్బుతో అంతకంటే పవిత్రమైనదే కొనాలి. సినగాగ్ అమ్మితే మందసం, మందసం అమ్మితే తోరాకి చుట్టే వస్త్రాలు, అవి అమ్మితే గ్రంథాలు, గ్రంథాలు అమ్మితే తోరా. మెట్టు పైకే గానీ కిందికి దిగకూడదు. మరి కొన్నవాడు ఏం చేసుకోవచ్చు? రబ్బీ మెయిర్ అనే పండితుడు, ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి ఇచ్చేలా షరతు పెట్టి మాత్రమే అమ్మాలన్నాడు. మిగతావాళ్ళు ఒప్పుకోలేదు. శాశ్వతంగానే అమ్మొచ్చు, అయితే స్నానశాల, తోళ్ళు శుద్ధి చేసే చోటు లాంటి నాలుగు పనులకి మాత్రం ఇవ్వకూడదన్నారు. అక్కడే ఇంకో మాట ఉంది. అది చదివినప్పుడు నాకు గొంతు పట్టేసింది. పాడుబడిన సినగాగ్‌ని అడ్డదారిగా వాడుకోకూడదట. లోపల గడ్డి మొలిస్తే పీకకూడదట. చూసినవాళ్ళకి మనసు కలుక్కుమనాలి, అందుకు.

పోలండ్‌లోని పోజ్నాన్‌లో 1907లో ప్రారంభమైన గొప్ప సినగాగ్ ఒకటుంది. 1940లో నాజీలు దాన్ని తమ సైనికుల కోసం ఈతకొలనుగా మార్చారు. అక్కడి యూదుల్ని అప్పటికే తరిమేశారు. యుద్ధం ముగిసింది, నాజీలు పోయారు, కానీ ఆ కొలను 2011 దాకా నడుస్తూనే ఉంది. పిల్లలు ఈత నేర్చుకున్నారు. పిల్లల తప్పేమీ లేదు. కానీ స్నానశాలకి ఇవ్వొద్దని ముందే రాసుకున్న మాట తెలిసి ఆ కొలను ఫోటో చూస్తే ఎవరికైనా కడుపులో తిప్పుతుంది. కిరాణా కొట్టు కంటే ఈతకొలను హీనమని కాదు నేననేది. వాషింగ్టన్‌లో ఆ గుడి చేతులు మారింది అమ్మినవాళ్ళ ఇష్టంతో, వాళ్ళు ఇంకో గుడి కట్టుకుని అక్కడికి వెళ్ళిపోయాక. పోజ్నాన్‌లో అడగడానికి మనుషులే మిగల్లేదు. పాత మందిరం కొనబోయేవాళ్ళు ముందు చూసుకోవాల్సింది ఇది: వెళ్ళిపోతున్నవాళ్ళు సంతోషంగా తాళం చెవులు చేతిలో పెడుతున్నారా, లేదా?

అమ్మ గుమ్మం తాకిన సిక్స్త్ అండ్ ఐకి వస్తాను. చిన్న గుడి అమ్మేశాక ఆడాస్ ఇజ్రాయెల్ వాళ్ళు 1908లో కట్టుకున్నది ఇదే. చుట్టుపక్కల సెవెంత్ స్ట్రీట్ మీద కొట్లు పెట్టుకుని, వాటి పైనే కాపురాలున్న కుటుంబాలవి. పిల్లలు చదువుకున్నారు. సిక్స్టీన్త్ స్ట్రీట్ వెంబడి ఉత్తరానికి జరిగారు. వాళ్ళ పిల్లలు మేరీలాండ్‌లో మాంట్‌గోమరీ కౌంటీకి వెళ్ళారు. సంఘం కూడా వాళ్ళ వెనకే నడిచి, 1951లో ఈ భవనాన్ని టర్నర్ మెమోరియల్ అనే నల్లజాతివారి చర్చికి అమ్మింది. అది ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ శాఖకి చెందినది. తెల్లవాళ్ళ చర్చిలో ప్రార్థన దగ్గర కూడా తమకి అవమానమే ఎదురైతే, రిచర్డ్ అలెన్ లాంటివాళ్ళు బయటికి నడిచొచ్చి పెట్టుకున్న శాఖ. ఒక చోటు నుంచి లేచిపొమ్మంటే ఎలా ఉంటుందో వాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు.

అలాంటి వాళ్ళు కొన్నాక ఏం చేశారో చూడండి. కిటికీల రంగుటద్దాల్లో యూదుల ఆరు మొనల నక్షత్రాలున్నాయి. తీసేయలేదు. యాభై ఏళ్ళు ప్రతి ఆదివారం ఆ నక్షత్రాల కిందే ఏసుని స్తుతిస్తూ పాడారు. వాళ్ళ పిల్లల బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, పెద్దల అంత్యక్రియల ప్రార్థనలు అన్నీ ఆ వెలుగులోనే. అక్కణ్ణుంచి నాలుగడుగులు వేస్తే ఎయిత్ స్ట్రీట్ మీద ఇంకో పాత సినగాగ్ ఉంది. దాని శంకుస్థాపనకి 1897లో అధ్యక్షుడు మెకిన్లీ వచ్చాడు. అదీ 1950ల్లో నల్లజాతివారి బాప్టిస్టు చర్చి అయింది, ఇవాళ్టికీ చర్చే. అక్కడా కిటికీల్లో నక్షత్రాలు అలాగే ఉన్నాయి. అద్దాలు మార్చడానికి డబ్బుల్లేకనే ఉంచారని ఒక మిత్రుడు నాతో వాదించాడు. మొదటి ఏడాది డబ్బు లేకపోవచ్చు. యాభై ఏళ్ళ పాటు ఎవరూ ఒక డబ్బా పెయింటు కొనలేకపోయారా? ఉంచాలనుకున్నారు కాబట్టే ఉంచారని నా నమ్మకం.

తర్వాత చర్చి సభ్యులు కూడా ప్రిన్స్ జార్జెస్ కౌంటీకి తరలారు. 2002లో వాళ్ళు భవనం అమ్మకానికి పెడితే, నైట్‌క్లబ్ పెట్టుకునేవాళ్ళ చేతికి వెళ్ళేంత దాకా వచ్చింది. అప్పుడు ఊళ్ళోని ముగ్గురు యూదు వ్యాపారులు, షెల్టన్ జుకర్‌మన్, ఏబ్ పోలిన్, డగ్లస్ జెమాల్, ముందుకొచ్చి కొన్నారు. 2004లో మళ్ళీ తెరిచారు. 1908 నాటి రూపం తేవాలంటే పాత మందసం ఎలా ఉండేదో తెలియాలి కదా? ఎవరి ఇంట్లోనో దాచుకున్న ఒక పాత పెళ్ళి ఫోటో దొరికింది. వధూవరుల వెనక మందసం కనిపిస్తోంది. వడ్రంగులు దాన్ని చూసి చెక్కారు. ఇప్పుడక్కడ శుక్రవారం సాయంత్రాలు ప్రార్థనలు జరుగుతాయి, మిగతా రోజుల్లో కచేరీలు, రచయితల ప్రసంగాలు. ఫలానా సంఘం సభ్యులై ఉండాలన్న నియమం లేదు, ఎవరైనా రావచ్చు. మ్యూజియంలో ఉన్న చిన్న గుడి అంటే నాకు గౌరవం, కానీ నా మనసు ఈ గుమ్మటం కిందే ఉంది. ఇక్కడ జనం కూర్చుంటారు, పాడతారు, పసిపిల్లలు ఏడుస్తారు. ఆ రాత్రి కచేరీ మధ్యలో అమ్మ నా భుజం తట్టి కిటికీ చూపించింది. వీధి దీపం వెలుగు పడి నక్షత్రం నీలంగా మెరుస్తోంది.

మనం ఇదే ఊళ్ళో, అవే రోడ్ల మీద బతుకుతున్నాం. డెబ్భైల్లో వచ్చినవాళ్ళు స్కూలు ఆడిటోరియంలు అద్దెకి తీసుకుని ఉగాది జరుపుకున్నారు. పులిహోర ఇంట్లో చేసి కారు డిక్కీల్లో తెచ్చేవాళ్ళు. ఆ తరం కాలేజ్ పార్కు, సిల్వర్ స్ప్రింగ్ చుట్టూ ఉండేది. మా తరం జర్మన్‌టౌన్, హెర్న్‌డన్ దాకా వచ్చింది. ఇప్పుడు కొత్తగా వచ్చే పిల్లలు ఆష్‌బర్న్, ఆల్డీ అంటున్నారు. యూదులు మూడు తరాల్లో నడిచిన దూరం మనం రెండు తరాల్లో నడిచాం. మనం ఇవాళ కొనే భవనానికి ఇరవై అయిదేళ్ళ తర్వాత కార్లు రాకపోవచ్చు. అప్పుడు దాన్ని అమ్మాల్సి వస్తుంది. ఆ మాట అంటే అపశకునం అన్నట్టు మొహం పెట్టారు మొన్న కమిటీలో. అపశకునం కాదండీ, పెళ్ళి పెద్దలు ముందే మాట్లాడుకునే మాటలాంటిది. ఆడాస్ ఇజ్రాయెల్ సంఘం రెండు భవనాలు అమ్మింది. ఇప్పటికీ నిక్షేపంగా ఉంది.

అచ్చిరాదనే వాళ్ళకి ఒకటి చెప్పాలి. పల్నాడు జిల్లా చేజర్లలో కపోతేశ్వరస్వామి గుడి మీలో కొందరైనా చూసే ఉంటారు. వెనకభాగం ఏనుగు వీపులా గుండ్రంగా ఉంటుంది. అది మొదట బౌద్ధుల చైత్యమని చాలామంది చరిత్రకారులు చెబుతారు. పావురాన్ని కాపాడటానికి తన ఒంటి మాంసం కోసిచ్చిన శిబి చక్రవర్తి కథ అక్కడి స్థలపురాణం. ఆ కథ మన భారతంలో ఉంది, బౌద్ధుల జాతక కథల్లోనూ ఉంది. కొలిచే చేతులు మారినా పావురం ఎగిరిపోలేదు. వందల ఏళ్ళుగా అక్కడ మనవాళ్ళకి అచ్చొస్తూనే ఉంది కదా? ఇక్కడ అమెరికాలో కూడా, న్యూయార్క్ ఫ్లషింగ్‌లో మనమంతా వెళ్ళి దణ్ణం పెట్టుకునే గణపతి గుడి ఉన్నది ఒకప్పటి రష్యన్ ఆర్థడాక్స్ చర్చి స్థలంలోనే. ఇంక వాస్తు అంటారా, సినగాగ్‌లో మందసం జెరూసలేం వైపు ఉండాలి, అంటే ఇక్కడి నుంచి తూర్పే. మనవాళ్ళు దీపం పెట్టే దిక్కు కూడా అదేగా.

యూదులతో మనకేం సంబంధం, వాళ్ళ కథలు మనకెందుకని అడిగినవాళ్ళు కూడా ఉన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు మండలం కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిం అనే తెలుగు యూదులున్నారు. తమకంటూ చిన్న ప్రార్థనా మందిరం కట్టుకున్నారు. మా తెనాలికి ఎంతో దూరం లేదు. మా అమ్మకి తెలియదు, ఆ కచేరీ నుంచి తిరిగొస్తూ నేను చెబితే ఆశ్చర్యపోయింది. కానీ సంబంధం ఉందా లేదా అన్నది పక్కన పెడదాం. మనకంటే వందేళ్ళ ముందు ఇదే ఊరికి వచ్చి, ఇవే కష్టాలు పడి, ఇవే తగవులు తీర్చుకున్నవాళ్ళ అనుభవం చేతికి అందుబాటులో ఉంటే కాదనుకోవడం దేనికి?

నేను అడిగేవి పెద్ద ఖర్చుతో కూడినవేమీ కావు. సంతకం పెట్టేముందు, వెళ్ళిపోతున్న సంఘం పెద్దలతో ఏజెంటు లేకుండా ఒక పూట భోజనానికి కూర్చుందాం. ఏం తీసుకెళ్తారు, ఏం వదిలి వెళ్తారు, ఏం చేస్తే వాళ్ళ మనసు కష్టపడుతుంది, అవి వాళ్ళ నోటితోనే విందాం. రంగుటద్దాలు ఉంచుదాం. శంకుస్థాపన రాయి ఉంచుదాం. మన దాతల పేర్లు చెక్కించే గోడకి ఎదురుగా ఆ భవనం కట్టినవాళ్ళ కథ తెలుగులో, ఇంగ్లీషులో రాయించి పెడదాం. ఏడాదికోసారి వాళ్ళు వచ్చి అక్కడ ప్రార్థన చేసుకుంటామంటే తలుపు తీద్దాం. ఆ రోజు కాఫీ మన వంటగదిలో మనమే కాద్దాం. సంఘం నియమావళిలో ఒక పేజీ కొత్తగా చేర్చుదాం: రేపు మనం అమ్మాల్సి వస్తే ముందు ఎవర్ని అడగాలి, ఏ పనులకి ఇవ్వకూడదు, వచ్చిన డబ్బు దేనికి వాడాలి. మెట్టు పైకే ఎక్కాలన్న వాళ్ళ సూత్రం నాకు బాగా నచ్చింది. భవనం అమ్మిన డబ్బు పిల్లల తెలుగు బడికి, గ్రంథాలయానికి వెళ్ళాలి గానీ బాంక్వెట్ హాలు అద్దెకి కాదు. దీని మీద ఎవరైనా వాదించాలంటే నేను సిద్ధం.

ఇంకొకటి, ఇది కమిటీతో సంబంధం లేకుండా ఎవరికి వాళ్ళు చేయగలిగేది. మీ ఇంట్లో పాత ఆల్బమ్‌లు తీయండి. స్కూలు హాళ్ళలో చేసిన ఉగాదులు, అద్దె బేస్‌మెంట్లలో జరిగిన బారసాలలు, మొదటి త్యాగరాజ ఆరాధనలు. ఫోటోలో మీ మొహాల వెనక ఏముందో చూడండి. ఆ బ్యానరు ఎవరు రాశారు, ఆ హార్మోనియం ఎవరిది, ఆ పందిరికి మామిడాకులు ఎక్కణ్ణుంచి తెచ్చారు? వెనకాల రాసి సంఘానికి ఒక కాపీ ఇవ్వండి. ఆ మందసాన్ని తిరిగి చెక్కడానికి పనికొచ్చింది పెళ్ళికూతురి వెనక అనుకోకుండా పడిన చిత్రం.

నైట్‌క్లబ్ అయితే ఏం, అందరూ వచ్చి సంతోషంగా గడిపే చోటే కదా అని మా అబ్బాయి అడిగాడు. మంచి ప్రశ్నే. డ్యాన్సు మీద నాకు కోపం లేదు, మన కూచిపూడి పుట్టిందే గుడి ముంగిట్లో. వాడితో నేను అన్నది ఇది: సిక్స్త్ అండ్ ఐలో అర్ధరాత్రి పాట ఆగిపోయాక లైట్లు వేస్తే, ఆ కిటికీ ఏమిటని అడిగే మనిషి అక్కడ ఉంటాడా? ఉంటే నాకు అభ్యంతరం లేదు. వాడు కాసేపు ఆలోచించి, "ఉండడు నాన్నా" అన్నాడు.

పోయిన నెల మేం చూసిన రెండో భవనం ఒక చిన్న చర్చి. చూపించడానికి ఏజెంటుతో పాటు ఆ సంఘం నుంచి ఒక పెద్దావిడ వచ్చింది, ఎనభై దాటి ఉంటాయి. మేం టేపు పెట్టి స్టేజీకి కొలతలు తీసుకుంటుంటే ఆవిడ కుడివైపు మూడో వరసలో, కిటికీ పక్కన బల్ల మీద కూర్చుంది. నలభై ఒక్క ఏళ్ళు అదే చోట కూర్చున్నానని చెప్పింది. బల్ల చివర చేయి ఆనించే చోట వార్నిష్ పోయి, చెక్క నున్నగా అయిపోయి ఉంది. తాళం వేసేటప్పుడు నా చేయి పట్టుకుని, బల్లలన్నీ తీసేస్తారా అని అడిగింది. కమిటీ నిర్ణయిస్తుందండీ అన్నాను. అంతకంటే ఏం చెప్పాలో తోచలేదు.

వచ్చే నెల రెండో ఆదివారం సర్వసభ్య సమావేశం ఉంది. కుడివైపు మూడో వరస బల్ల ఉంచాలన్న తీర్మానాన్ని 7వ అంశంగా పెట్టించాను. దయచేసి ఆ అంశం వచ్చేదాకా ఉండండి, భోజనాలు ఆ తర్వాతే.